ఉన్నికి మైల లేదు

నేను ఒక నల్ల కంబళిని. నన్ను చూసి ఇప్పుడు ఎవరూ భయపడనక్కర్లేదు. చిమ్మటలు కొట్టిన చిల్లులు, పాత గొర్రె వాసన, నాలో మిగిలింది అంతే. ఒకప్పుడు మాత్రం నా ఒంట్లో చావు కాపురం చేసింది. ఇద్దరు మనుషులు నన్ను కప్పుకొనే కన్ను మూశారు. మొదటి మనిషిని తలుచుకుంటే నా పోగు పోగూ ఇప్పటికీ కుములుతుంది. రెండో ఆయనను తలుచుకుంటే, అబద్ధం ఎందుకు, హాయిగా ఉంటుంది. పగ గురించి వినడం ఇష్టం లేని మంచివాళ్లు ఎవరైనా ఉంటే ఇక్కడే లేచి వెళ్లిపోవచ్చు.

నేను పుట్టింది ఆదోనికి పడమటగా ఉన్న ఒక కురుబ పల్లెలో. మాళప్ప అనే ముసలాయన తన మంద మొత్తంలో ఏరి ఏరి, రంగు వెయ్యక్కర్లేని నల్ల గొర్రెల ఉన్ని కత్తిరించాడు. ఆయన భార్య దాన్ని ఏకి వడికింది. గుంట మగ్గంలో కాళ్లు పెట్టుకుని ముసలాయన నన్ను రెండు పన్నాలుగా నేశాడు, చింతగింజల గంజి పట్టించాడు, రెండు పన్నాలనూ కలిపి మధ్యలో బారుగా కుట్టు వేశాడు. వాన కురిస్తే నీళ్లు నా మీద నుంచి జారిపోయేవి గానీ లోపలికి దిగేవి కావు. ఇంత గట్టిదాన్ని కదా అని నాకు కొంచెం మిడిసిపాటు కూడా ఉండేది. నా లోపమంతా ఆ నడిమి కుట్టులో ఉందని అప్పటికి నాకు తెలియదు.

మాళప్పకు తెలుసు. గొర్రెలతో, మనుషులతో కలిసి పడుకునే కంబళికి ఏదో ఒక రోజు పేలు పడతాయని ఆయనకు తెలుసు. తలలో తిరిగే పేలు కావు. బట్టల కుట్లలో గుడ్లు పెట్టి, ఆకలైనప్పుడు ఒంటి మీదికి వచ్చి నెత్తురు తాగి, మళ్లీ కుట్టులోకి పోయి పడుకునే తెల్లపేలు. అందుకని నెలకొకసారి, ఎండ బాగా కాసే పూట, నన్ను భుజాన వేసుకుని గుట్ట దగ్గరికి వెళ్లి ఎర్రచీమల పుట్ట మీద పరిచేవాడు. చీమలు బారులు కట్టి నా మీదికి ఎక్కేవి. కుట్టు కుట్టూ వెతికి పేనునీ గుడ్డునీ నోట కరుచుకుని కిందికి దిగేవి. సాయంత్రానికి ముసలాయన నన్ను దులిపి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, "ఇప్పుడు కప్పుకోవచ్చు" అనేవాడు. కూతురు నింగమ్మ పక్కనే నిలబడి అంతా చూసేది.

నింగమ్మకు పెళ్లయ్యాక నేను అల్లుడి భుజం మీదికి మారాను. అతని పేరు గాదిలింగ. పొడుగాటి మనిషి, మాట తక్కువ, నవ్వు ఎక్కువ. వాళ్లకు ఒక కూతురు, సుంకి. వానొస్తే ముగ్గురూ నా కింద దూరేవాళ్లు. అప్పుడు ఆ పిల్ల వేలితో నా నడిమి కుట్టు వెంట దారి గీసుకుంటూ పోయేది.

సుంకికి ఏడేళ్లు వచ్చేసరికి వరసగా మూడేళ్లు వాన మొహం చాటేసింది. మంద మొత్తం చచ్చింది. ఊళ్లో సగం మంది కాలువ తవ్వే కరువు పనికి బయలుదేరారు. మేమూ వెళ్లాం. చెట్టూ చేమా లేని బయలులో బోదగడ్డి కొట్టాలు బారులుగా వేశారు. ఒక్కో కొట్టంలో మూడు నాలుగు కుటుంబాలు. నీళ్లబండి పొద్దున ఒకసారి వచ్చేది. ఆ నీళ్లు తాగడానికే చాలేవి కావు, ఇక ఒంటికెక్కడివి, గుడ్డలకెక్కడివి? మార్చుకోవడానికి ఎవరికీ రెండో జత లేదు. చలికి ఒకరినొకరు అంటుకుని పడుకునేవాళ్లు. నెల తిరగకుండా తెల్లపేలు కొట్టం కొట్టానికీ నడిచాయి. నా కుట్టులోకీ వచ్చాయి. వీళ్లను చూసి పై ఉద్యోగులు ముక్కు మూసుకుని, మురికి మనుషులు అనేవాళ్లు. నీళ్లు ఇవ్వకుండా కూర్చోబెట్టి, ఆపైన మురికి అని పేరు పెట్టడం మనుషులకే చేతనవును. గొర్రెలకు ఆ తెలివి లేదు.

ఆ శిబిరానికి పెద్ద ఓవర్సీరు నరహరిరావు. కొట్టాలకు దూరంగా, గాలి వాటు చూసుకుని తన గుడారం వేయించుకున్నాడు. ఆయనకు మడి ఎక్కువ. తాగే నీళ్లు వేరే ఊరి బావి నుంచి కావడిలో వచ్చేవి. స్నానానికి ఒక రాగి గుండిగ. ఇద్దరు మనుషులు కూర్చుంటే పట్టేంత పెద్దది. దాని కింద రోజూ పొద్దున తుమ్మ మొద్దులు మండేవి. ఏకాదశి నాడు పిల్లలను పిలిచి, చెయ్యి తగలకుండా పైనుంచి బెల్లం ముక్కలు వదిలేవాడు. ఆయన చెడ్డవాడా అంటే, తనను తాను చాలా మంచివాడనుకునే మనిషి. అది ఇంకా ప్రమాదం.

చలికాలం నడిమధ్యలో జ్వరం వచ్చింది. ముందు ఒక వడ్డె ముసలాయన పోయాడు, తరవాత ఒక బాలింత. మూడో వారానికి గాదిలింగ పడ్డాడు. ఒళ్లు పెనంలా కాలింది. నేను అతని మీదే ఉన్నాను కాబట్టి ఆ రోజు జరిగింది నాకంటే బాగా ఎవరికీ తెలియదు. ఒళ్లు అంత వేడెక్కేసరికి పేలకు అక్కడ పడలేదు. ఒక్కొక్కటే దిగి, కొన్ని నా కుట్టులోకి, కొన్ని పక్కనున్న మనిషి పంచెలోకి నడిచాయి. నింగమ్మ తల వంచి అది చూసింది. నాలుగైదు రోజులకు ఆ పక్క మనిషి కూడా మూలగడం మొదలుపెట్టాడు. అదీ చూసింది. ఆ రోజే సుంకిని తీసుకుపోయి కొట్టంలో చివరి మూలన వేరే పడుకోబెట్టింది. మొగుణ్ణి కాపాడుకోవాలి, పిల్లకు అంటకుండా చూసుకోవాలి. ఆమెకు లోకంలో ఇంకో పని లేదు.

మర్నాడు ఉదయం నన్ను భుజాన వేసుకుని గుడారం దగ్గరికి వెళ్లింది. నరహరిరావు స్నానం చేసి, తడి జుట్టుతో పీట మీద కూర్చుని ఉన్నాడు. ఆమె పది బారల దూరంలో ఆగిపోయింది.

"సామీ, జరం పేలల్లోనే ఉండాది. పేలు యాడికి పోతే జరం ఆడికి పోతాది, నేను కండ్లారా చూసినా. ఒక్క పూట ఆ గుండిగ ఇప్పీండి. అందరి గుడ్డలూ ఉడకేసుకుంటాము."

"ఏ గుండిగ?"

"అదే సామీ, ఆ రాగిది."

ఆయన నిజంగానే అదిరిపడ్డాడు. "నా మడినీళ్ల గుండిగలో మీ పేలగుడ్డలు ఉడకబెట్టుకుంటావా? మతి ఉండే మాట్లాడుతున్నావా?"

"పోనీ ఒక్క పూట సెలవియ్యండి. ఆ గుట్టకాడ చీమల పుట్టలుండాయి. ఈ కంబళన్నా పర్సుకోనొస్తా."

"చీమల పుట్టకు సెలవు! రేపు పాముల పుట్టకు అడుగుతావు." పక్కనున్న గుమాస్తా నవ్వాడు. అప్పుడే ఓవర్సీరు చూపు నా మీద పడింది. లేచి నాలుగడుగులు ముందుకు వచ్చి, నా అంచు వేళ్లతో పట్టుకుని చూశాడు. ఆమె గాలి తగిలితే మళ్లీ మునిగే మనిషి నన్ను వట్టి చేతులతో పట్టుకున్నాడు. "మంచి నేత. ఇటువంటిది దొరకడం లేదు ఇప్పుడు. జపానికి కంబళాసనం ఎంతో శ్రేష్ఠం" అన్నాడు. గుమాస్తా కంగారుగా, "మైల కదండీ" అన్నాడు. "ఉన్నికి మైల లేదయ్యా. పట్టుకూ ఉన్నికీ ఏదీ అంటదు. శాస్త్రం" అని చెప్పి మళ్లీ పీట మీదికి వెళ్లిపోయాడు.

ఆరో రోజు గాదిలింగకు ఒళ్లంతా చెమటలు పట్టి జ్వరం దిగిపోయింది. లేచి కూర్చున్నాడు, గంజి అడిగి తాగాడు. నింగమ్మ ఆ ఒక్క రోజే నవ్వింది. రెండు రోజులకు మళ్లీ గడ్డపార పట్టుకుని కాలువలోకి దిగాడు. సరిగ్గా ఎనిమిదో రోజు జ్వరం తిరిగి వచ్చింది. ఆ జ్వరం తీరే అంత. పోయినట్టు పోయి, దాక్కుని, మళ్లీ వస్తుంది. నరహరిరావు హాజరు చూసుకుంటూ వచ్చి కొట్టం బయట నిలబడ్డాడు.

"మొన్న తగ్గింది, మొన్న తవ్వాడు. ఇవాళ మళ్లీ జ్వరమా? ఇది దొంగజ్వరం. పని తప్పించుకునే జ్వరం."

నింగమ్మ బయటికి వచ్చింది. ఈసారి దూరం పాటించలేదు. ఆయనే రెండడుగులు వెనక్కి వేశాడు.

"సామీ, ఇది రెండో తూరి చెప్తాండా. గుడ్డలు ఉడకేస్తే నిలిచిపోతాది. నీ గుండిగ కాకపోతే ఇంకోటి తెప్పీండి. కట్టెలు మేమే కొట్టుకోనొస్తాము. నా బిడ్డ ఉండాది సామీ."

"పైకి రాస్తాను" అన్నాడు. రాయలేదు. నాకు ఎలా తెలుసంటే, తరవాత ఆయన గుడారంలోనే ఉన్నాను. ఆ కాగితాల కట్ట పక్కనే మడత పెట్టి ఉన్నాను.

గాదిలింగ మూడు రోజులు పలవరించి, నాలుగో రోజు ఎండ ఎక్కే వేళ నీళ్లడిగి పోయాడు. ఒళ్లు చల్లబడుతుంటే పేలు మళ్లీ బారుకట్టి నా కుట్టులోకి వచ్చాయి. చల్లటి ఒళ్లు కూడా వాటికి పడదు. నింగమ్మ ఏడవకుండా నన్ను అతని మీద నుంచి తీసి మడిచింది. నా కుట్టు నిండా కదులుతున్న వాటిని వేలితో ఒకసారి తడిమి చూసింది.

చచ్చినవాళ్ల బట్టలు కాల్చెయ్యాలని పైనుంచి కాగితం వచ్చి ఉంది. మర్నాడు నరహరిరావు దగ్గరుండి గాదిలింగ పంచె, తలగుడ్డ, చాప మంటలో వేయించాడు. నా వంతు వచ్చేసరికి చెయ్యి ఎత్తాడు.

"దాన్ని కాల్చొద్దు. ఉన్నికి మైల లేదు. రెండు చుక్కలు పసుపునీళ్లు చల్లితే సరిపోతుంది. ఇటు తెమ్మను."

చుట్టూ నిలబడ్డవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పేలు దేంట్లో ఉన్నాయో వాళ్లందరికీ తెలుసు. నింగమ్మ నన్ను రెండు చేతుల మీద పెట్టుకుని ముందుకు వెళ్లింది. చెప్పొద్దు నింగమ్మా, చెప్పొద్దు అని నేను లోపల్లోపల గింజుకున్నాను. నా జన్మలో దేనికోసమూ అంతగా కోరుకోలేదు. ఆమె చెప్పలేదు. నన్ను ఆయన చేతుల్లో పెట్టి, ఆయన కళ్లలోకి సూటిగా చూసి, "కప్పుకో సామీ. వెచ్చగా ఉంటాది" అంది.

అలా నేను మడి గుడారంలో అడుగుపెట్టాను. నా మీద పసుపునీళ్లు చల్లి ఏదో మంత్రం చదివారు. నా కుట్టులోని పేలు కూడా విని ఊరుకున్నాయి. తెల్లవారి జపానికి నా మీద కూర్చునేవాడు, చలిగాలి వీచినప్పుడల్లా నన్ను కప్పుకునేవాడు. నేను ఆయనను ప్రేమగా చుట్టుకున్నాను. మెడ దాకా, చెవుల దాకా చుట్టుకున్నాను. రెండో రోజే గోక్కోవడం మొదలుపెట్టాడు. "కొత్త ఉన్ని కదా, గరుకు" అని గుమాస్తాతో అన్నాడు. నాకు పన్నెండేళ్లు! గోకినప్పుడల్లా గోళ్ల కింద ఒక పేను చితికేది, దాని ఒంట్లోని విషం ఆ గీతలోంచి లోపలికి దిగేది. ఇది గాదిలింగది, ఇది ఆ బాలింతది, ఇది వడ్డె ముసలాయనది అని నేను ఒక్కొక్క గీతకూ పేరు పెట్టుకుంటూ కూర్చున్నాను. నేను దేవుణ్ణి కాను, క్షమించడం నా పని కాదు.

ఎనిమిదో రోజున ఆయన ఒళ్లు కాలింది. ఇక్కడ మీరు మనుషుల వేగం చూడాలి. కొట్టాల్లో ఇరవై మందికి పైగా పోయినప్పుడు రాని డాక్టరు, ఓవర్సీరుకు జ్వరమనగానే మర్నాటి మధ్యాహ్నానికి జీపులో దిగాడు. నెత్తురు తీసి అద్దం ముక్క మీద వేసి గొట్టంలోంచి చూశాడు. మెలికలు తిరిగిన సన్న పురుగులున్నాయన్నాడు. పేల నుంచి వచ్చే జ్వరమన్నాడు. అందరి గుడ్డలూ వెంటనే ఉడకబెట్టాలన్నాడు. చుట్టూ చూసి, అంతకంటే పెద్ద గిన్నె ఇంకోటి కనపడక, ఆ రాగి గుండిగనే పొయ్యి మీద పెట్టించాడు.

శిబిరం మొత్తం ఆ గుండిగ చుట్టూ చేరింది. అప్పటికి సుంకికి మూడు రోజులుగా జ్వరం. పిల్లకు సూదిమందు వేయించి, ఒక గోనెసంచి చుట్టి ఎండలో కూర్చోబెట్టి, దాని చిరుగు పావడా నింగమ్మ తన చేత్తో గుండిగలో వేసింది. వేసి, కట్టెతో అడుగుదాకా నొక్కింది. నేను గుడారం గుమ్మంలోంచి చూస్తూనే ఉన్నాను. పగ ఎందుకు, దానివల్ల ఏం వస్తుంది అని అడిగేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒకటే. రెండుసార్లు బతిమాలితే రాని గుండిగ, నేను ఒక్కసారి వెళ్తే వచ్చింది.

డాక్టరు నన్ను దులిపి చూసి నింగమ్మను పిలిపించాడు. "ఇందులో పేలున్నాయని నీకు తెలుసా?"

"తెలుసు సామీ."

"మరి ఆయనకు చెప్పలేదా?"

"చెప్పినా. నా మొగుడు బతికుండంగా రెండు తూర్లు చెప్పినా. మూడో తూరికి నాకు నోరు రాలేదు."

నరహరిరావు మంచం మీద నుంచి అంతా విన్నాడు. అక్కడితో నన్ను బయట పారేయించి ఉంటే బతికేవాడేమో. కానీ అలా చేస్తే ఆ కురుబ ఆడది చెప్పిందే నిజమని ఒప్పుకున్నట్టు అవుతుంది. "పేలవల్ల జ్వరం ఏమిటి? వీళ్ల గాలి సోకి వచ్చింది" అన్నాడు. నన్ను కాలుస్తామంటే, జపాసనాన్ని ఎలా కాలుస్తారని కేకలేశాడు. చివరికి డాక్టరు వెళ్తూ నా మీద చల్లిన మందుపొడిని, కంపు కొడుతోందని డాక్టరు జీపు కదలగానే దులిపించేశాడు. సూదిమందూ వద్దన్నాడు. అంతమంది ఒంట్లో దూరిన సూది ఆయన ఒంట్లో ఎలా దూరుతుంది? పైగా డాక్టరు ఉన్న రెండు రోజుల్లోనే చెమటలు పట్టి జ్వరం దిగింది. "చూశారా, పోయింది" అని నవ్వాడు కూడా. దొంగజ్వరం అనే మాట ఆయనకు గుర్తు రాలేదు. నాకు వచ్చింది.

గుండిగ మైలపడిపోయింది కాబట్టి అప్పటి నుంచి ఆ చలిలో చన్నీళ్ల స్నానం. వణుక్కుంటూ వచ్చి నా మీద కూర్చునేవాడు. ఎనిమిదో రోజున జ్వరం తిరిగి వచ్చింది. మూడో నాటి పొద్దున, నన్ను గట్టిగా గుప్పిళ్లతో పట్టుకుని, గాదిలింగ లాగే నీళ్లడిగి పోయాడు. నీళ్లిచ్చే మనిషి లేడు. మడి చెడుతుందని ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు కదా.

గుడారం ఖాళీ చెయ్యడానికి ఎవరూ ముందుకు రాలేదు. నింగమ్మే వచ్చింది. సామానంతా ఎండలో పెట్టి నన్ను భుజాన వేసుకుంటూ ఉండగా ఎద్దులబండి వచ్చి ఆగింది. అందులోంచి ఒక చిన్నావిడ దిగింది, పాతికేళ్లుంటాయేమో. నరహరిరావు భార్య, ఇందిరాబాయి. చావు కబురు అందేసరికే దహనం అయిపోయింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. చంకలో ఆర్నెల్ల ఆడపిల్ల. బయలు మీద గాలి కోస్తోంది, పసిదాని పెదాలు నీలంగా ఉన్నాయి.

ఆమె సామాను మీద చూపు తిప్పి, నన్ను చూసి, చెయ్యి చాపింది.

"ఆ కంబళి ఇలా ఇవ్వు. ఆయన ఉత్తరంలో రాశారు, మంచి కంబళి దొరికిందని. పిల్లకు చుడతాను."

"వొద్దమ్మా. ఇది చచ్చినోళ్లది."

"ఉన్నికి మైల లేదు. ఇవ్వు."

నా కుట్టు నిండా అవి ఉన్నాయి. ఆకలిగా ఉన్నాయి. నిజం చెబుతున్నాను, నేను సిద్ధంగానే ఉన్నాను. గాదిలింగకు ఒక్క నరహరిరావు సరిపోతాడా అని అప్పుడు నాకు అనిపించింది. పసిపిల్లను చూసి కూడా అనిపించింది. ఇవ్వు నింగమ్మా, మొన్న ఇచ్చినట్టే రెండు చేతులతో ఇవ్వు అన్నాను.

నింగమ్మ నన్ను ఇంకా గట్టిగా పట్టుకుంది. "నేనియ్యను తల్లీ. దీంట్లో పేలుండాయి. మీ ఆయన దీంతోనే పోయినాడు."

ఇందిరాబాయి మొహం ఎర్రబడింది. ఆ మాట ఆమె నమ్మలేదు. ఎలా నమ్ముతుంది, ఓవర్సీరు గుడారంలో పేలా? "చచ్చిన మనిషి కంబళి మీద కూడా ఆశేనా మీకు? దొంగముండవి" అంది.

నింగమ్మ ఆమె చంకలోని పిల్లను చూసింది. తన మొలకు చుట్టుకున్న, మొన్ననే గుండిగలో ఉడికిన పాత చీర ముక్కను విప్పి బండి మీద పెట్టింది.

"అవునమ్మా, ఆశే. బిడ్డకు ఇది చుట్టు. ఉడకేసిందే."

దొంగముండ అన్న మాట వెనకాల వినపడుతూనే ఉంది. నింగమ్మ వెనక్కి చూడకుండా నన్ను మోసుకుంటూ, సుంకి చెయ్యి పట్టుకుని గుట్ట వైపు నడిచింది. సెలవు అడగడానికి ఆ రోజు అక్కడ ఎవరూ లేరు. మిట్టమధ్యాహ్నం ఎండలో ఎర్రచీమల పుట్ట మీద నన్ను పరిచి, నడిమి కుట్టు పైకి వచ్చేలా సరిచేసింది.

"ఆయమ్మ తిట్టింది గదా. ఇచ్చేసుంటే అయిపోతుండె గదమ్మా" అంది సుంకి.

"మనకు గుండిగ ఇయ్యనన్నింది ఆ బిడ్డనా?" అంది నింగమ్మ.

అప్పుడు ఏడ్చింది. మొగుడు పోయిన నాటి నుంచి దాచుకున్నదంతా ఆ గుట్ట దగ్గర కూర్చుని ఏడ్చింది. నాకు ఆమె మీద చాలా కోపం వచ్చింది. చాలా ఏళ్లు ఆ కోపం అలాగే ఉండిపోయింది. తరవాత సుంకి పిల్లలనూ, వాళ్ల పిల్లలనూ నేనే కప్పాను. వాళ్లలో ఒక్కరు కూడా నా కింద పడుకుని ఒళ్లు గోక్కోలేదు.

ఆ రోజు చీమలు పొద్దుగూకే దాకా పని చేశాయి. నింగమ్మ నన్ను దులిపి, తండ్రి చేసినట్టే ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, పిల్ల మీద కప్పింది.